కంట్రోల్ ట్యూబు

వసంతలక్ష్మిని మనం ల్యాబులో బల్ల ముందు నిలబెట్టి, చేతిలో కార్డు వంక నోరు తెరుచుకుని చూస్తూ ఉండగా వదిలేసి వచ్చాం. పాపం, వారం రోజులూ అక్కడే నిలబడి ఉందనుకోకండి. మనకి వారమైనా ఆవిడకి గడిచింది అయిదు నిమిషాలే. ఆ అయిదు నిమిషాల్లో గోడ గడియారం కేసి నాలుగుసార్లు చూసింది. పదకొండున్నర.

కొత్తగా చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. మూడో అంతస్తులో పడుకుని ఉన్న నీలకంఠం గమ్హరియాలో ఒక ఫ్యాక్టరీలో క్రేను నడిపే మనిషి. పేగుకి చిల్లు పడితే ఆపరేషన్ చేశారు. ఆపరేషన్ బాగానే జరిగింది గానీ జ్వరం పదకొండు రోజులుగా దిగి రానంటోంది. యాంటీబయాటిక్కులు మూడు మార్చారు. రక్తం తీసి సీసాల్లో పోసి, క్రిములేమైనా మొలుస్తాయేమోనని కల్చర్ పెట్టారు. నాలుగు రోజులైనా సీసాల్లో ఏమీ మొలవలేదు. "లోపల ఎక్కడో చీముంది, మళ్ళీ పొట్ట తెరవాల్సిందే" అని సర్జన్ గారు మధ్యాహ్నం రెండు గంటలకి థియేటర్ సిద్ధం చేయమన్నారు. ఇప్పుడున్న స్థితిలో మళ్ళీ మత్తిస్తే మనిషి లేవడం కష్టమని మత్తు డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు.

వసంతలక్ష్మి ఒక్కతే అడ్డం తిరిగింది. పదిహేడేళ్ళుగా ఆ ఆస్పత్రి ల్యాబులో రక్తాలు చూస్తున్న మనిషి. ఇది చీము కాదు, రక్తంలో ఫంగస్ అంది. పిండిని పులియబెట్టే ఈస్టుకి దాయాది లాంటిది ఒకటుంటుంది. మందులెక్కించడానికి మెడలో వేసిన లైను గుండానో, కోసిన పేగు గుండానో రక్తంలోకి దూరి, యాంటీబయాటిక్కులు మిగతా క్రిముల్ని చంపుతుంటే ఖాళీ ఇల్లు దొరికినట్టు పెరుగుతుంది. కల్చర్ సీసాలు దాన్ని సగం మందిలో పట్టుకోనే పట్టుకోవు, పట్టుకున్నా వారం తర్వాత. అందుకే ఆవిడ ల్యాబు పెద్ద డాక్టర్ భీమశంకర్ వెంటపడి, కలకత్తా నుంచి కొత్త కిట్టు ఒకటి తెప్పించింది. రక్తంలో ఆ ఫంగస్ తాలూకు పదార్థం ఉంటే అరగంటలో చెప్పేస్తుంది. నీలకంఠానికి ఆ పరీక్ష ఇవాళే చేసింది.

కార్డు మీద మూడు గుండ్రటి గడులు. ఒక్కో గడిలో ఒక్కో చుక్క, దానిమీద పాలలాంటి తెల్లటి మందు చుక్క. పాలు పాలలాగే ఉంటే రక్తంలో ఏమీ లేదు. విరిగి గింజలు కడితే ఫంగస్ ఉంది. మొదటి గడిలో కంపెనీవాడు పంపిన కంట్రోల్, అంటే ఏమీ లేదని ముందే తెలిసిన నమూనా. పాలు పాలలాగే ఉన్నాయి. రెండో గడి నీలకంఠానిది. గింజలు కట్టింది. వసంతలక్ష్మికి ఒక్క క్షణం ఎగిరి గంతేయాలనిపించింది. అంతలో మూడో గడి చూసింది.

ఈ మూడో గడి భీమశంకర్ గారి సొంత చాదస్తం. ఊరూపేరూ లేని కంపెనీ సీసాని ఆయన నమ్మడు. కొత్త పరీక్ష ఏది చేసినా ఈ ఊరి నీళ్ళు తాగి ఈ ఊరి గాలి పీల్చే ఆరోగ్యవంతుడి రక్తం కూడా పక్కన పెట్టి చూడాలంటాడు. అందుకని ల్యాబు గోడ మీద ఒక కాగితం ఉంటుంది. ల్యాబువాళ్ళలో ఏ వారం ఎవరు రక్తమివ్వాలో అందులో రాసి ఉంటుంది. ఈ వారం వంతు ల్యాబులో పాతకాపు ధర్మరాజుది. బండరాయిలా ఉండే ధర్మరాజు. పర్సుడీహ్ నుంచి రోజూ సైకిల్ తొక్కుకుంటూ వచ్చే ధర్మరాజు. ఆయన ట్యూబులోంచి తీసిన చుక్క కూడా, నీలకంఠం చుక్క లాగే, గింజలు గింజలుగా విరిగిపోయి ఉంది.

"క్యా హువా?" అంటూ భీమశంకర్ లోపలికి వచ్చాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని కార్డు మీదికి వంగాడు. వంగినవాడు చాలాసేపు లేవలేదు. లేచాక, "అయితే ఇంకేముందమ్మా, కిట్టు పాడయింది" అన్నాడు.

"కంపెనీ కంట్రోల్ శుభ్రంగా ఉంది కదండీ సర్."

"కంపెనీవాడి ఉప్పునీళ్ళలో గింజ కట్టలేదని సంబరపడితే ఎలా? నిక్షేపంలా తిరుగుతున్న ధర్మరాజు రక్తంలో కట్టిందంటే, ఎవరి రక్తం పోసినా కడుతుందని అర్థం. దీన్ని పట్టుకుని నేను పైకెళ్ళి సర్జన్ ముందు నిలబడనా? ఫంగస్ మందేమన్నా జ్వరం బిళ్ళా? కిడ్నీలని పిండేస్తుంది. ఆ మనిషి కిడ్నీలు ఇప్పటికే సగం మీద నడుస్తున్నాయి. ఛోడో, వదిలెయ్యి వసంతా. నువ్వు చెయ్యగలిగింది చేశావు."

ఆయన వెళ్ళిపోయాడు. కోప్పడినా బాగుండును, జాలిపడి వెళ్ళాడు. వసంతలక్ష్మికి మొహమంతా మంటెత్తింది.

తలుపు దగ్గర రత్నం నిలబడి ఉంది. నీలకంఠం భార్య. పదకొండు రోజులుగా కట్టుకున్నది అవే రెండు చీరలు. చేతిలో మడత పెట్టిన కాగితం ఉంది.

"మేడమ్, రిపోర్ట్ వచ్చినాదా? సర్జన్ సాబ్ ఈ ఫారం మీద దస్కత్ పెట్టీమంతన్నారు. ప్రాణానికి మాది గ్యారంటీ నేదని అందులో రాసుందంట, నర్సమ్మ సెప్పినాది. మీరేటంతే అదే సేత్తాను. పెట్టీమంటారా?"

ఒక మనిషి తన మొగుడి ప్రాణాన్ని కాగితంలో మడిచి తెచ్చి మన చేతిలో పెడితే ఏమంటాం? కిట్టు పాడైతే తన మాటకి విలువ లేదు. తను ఆపితే, నిజంగా లోపల చీమే ఉంటే, ఆ పాపం తనది.

"ఒక్క గంట పెట్టకు రత్నం. ఒక్క గంట నాకియ్యి. నేనే పైకొచ్చి చెప్తాను."

రత్నం తలూపి, అక్కడే వరండాలో గోడకి చేరబడి కూర్చుంది.

వసంతలక్ష్మి మళ్ళీ కార్డు దగ్గరికి వచ్చింది. ఆవిడ మొండిఘటం, ఆ సంగతి మనకి మొదటి వారం నుంచీ తెలుసు. కిట్టు పాడు కాలేదని ఒక్క నిమిషం అనుకుందాం, అనుకుంది. అప్పుడు ఈ మూడో చుక్కకి అర్థమేమిటి? ధర్మరాజు రక్తంలో ఫంగస్ ఉందనే కదా. ఆ ఫంగస్ ఉన్న మనిషి సైకిల్ తొక్కుతాడా?

ధర్మరాజు వెనక గదిలో గాజు సామాను కడుగుతున్నాడు. ఆమెకి మొదటిసారి రక్తం గీయడం నేర్పింది ఆయనే. అప్పటి నుంచీ బాబాయ్ అనే పిలుస్తుంది.

"బాబాయ్, నీకు ఒంట్లో ఏటైనా బాగులేదా? జ్వరం గానీ, చలి గానీ?"

"నాకేటమ్మా, గుండ్రాయిలాగున్నాను."

"మరి నీ ట్యూబు పాజిటివ్ వచ్చింది."

ధర్మరాజు చేతిలోని బీకరు సింకులో పడింది. పగల్లేదు గానీ గిరగిరా తిరుగుతూ చాలాసేపు చప్పుడు చేసింది. ఆయన దాన్ని ఆపలేదు. తడి చేతులు పంచెకి తుడుచుకుంటూ, ఆమె మొహం చూడకుండా గోడ చూస్తున్నాడు.

"బాబాయ్. అది నీ రక్తమేనా?"

ధర్మరాజు సింకులోంచి బీకరు తీసి పక్కన పెట్టాడు.

"నిన్నే అడుగుతున్నాను. పైన ఒక మనిషిని రెండు గంటలకి కోసేత్తారు. అది నీ రక్తమేనా, కాదా?"

"కాదమ్మా."

ధర్మరాజు స్టూలు మీద కూర్చుండిపోయాడు. యాభై ఆరేళ్ళ మనిషి, మొహం తడిగుడ్డలా పాలిపోయింది.

"రెండేళ్ళ కిందట ఆ కాలేయం జబ్బు టెస్టు మనకాడికి కొత్తగా వచ్చినాది గదా. ఓ నాడు మీరంతా తిండికెల్లినప్పుడు సరదాకి నాది నానే సూసుకున్నాను. పాజిటివ్. ఏ సూది గుచ్చుకుందో ఎప్పుడు గుచ్చుకుందో నాకేటి తెలుసు? ముప్పై ఏళ్ళు ఇదే పని. ఎవలికీ సెప్నేదమ్మా. సెప్తే పని తీసేత్తారని బయం. మరి నా వంతు వచ్చినప్పుడు ఆ రక్తం ఎలగిత్తాను? మీరు సేత్తో ముట్టుకుంతారు. అందుకని..."

"అందుకని?"

"ఫ్రిజ్‌లో మిగిలిపోయిన ట్యూబుల్లోంచి మంచిదేదో సూసి తీసీవాడిని. అన్నీ నార్మల్ వచ్చినోల్లదే. ఏ రోగం నేదని మీరు దస్కత్ పెట్టినోల్లదే. పై లేబులు మీద నా పేరు రాసిన పట్టీ అంటించీవాడిని. ఈ రెండేళ్ళలో ఒక్కసారి తేడా రానేదమ్మా."

రెండేళ్ళు! రెండేళ్ళుగా ఈయన వంతు వచ్చిన వారాల్లో కంట్రోల్ అని నమ్మి చేసిన పరీక్షలన్నీ ఎవరెవరి రక్తంతోనో చేసినవి. భీమశంకర్ గారికి తెలిస్తే ఈయన్ని గేటు దాకా కూడా నడవనివ్వడు. ఆయన రోగం విని గుండె తరుక్కుపోతోంది, ఆయన చేసిన పని తలుచుకుంటే చెంప పగలగొట్టాలనుంది. రెండూ ఒకేసారి చేయడం కుదరక వసంతలక్ష్మి ఊరికే నిలబడిపోయింది.

అంతలో ఇంకో సంగతి తట్టింది.

అది ధర్మరాజు రక్తం కాదు. ఈ ఆస్పత్రిలో మంచం మీద పడుకుని లేచిన ఎవరో రోగిది. రోగిదైతే అందులో నిజంగానే ఫంగస్ ఉండవచ్చు! అలాగైతే కిట్టు పాడు కాలేదు. మూడు గడులూ మూడు నిజాలే చెప్పాయి. నీలకంఠానిది ఫంగసే. కోయక్కర్లేదు, మందిస్తే చాలు. అందరి కళ్ళూ కప్పి ఇంకొక రోగి కూడా అదే రోగంతో ఇంటికి వెళ్ళిపోయి ఉంటాడు, వాణ్ణీ పిలిపించి బతికించవచ్చు. తిట్టాల్సిన మనిషిని వాటేసుకోవాలనిపించింది ఆవిడకి.

"ఎవరిది బాబాయ్? ఆ ట్యూబు ఎవరిది?" నవ్వు ఆపుకోలేకపోతోంది. "చెప్పు, నిన్నేమీ అనను. ఆ మనిషిని వెంటనే రప్పించాలి."

ధర్మరాజు తలెత్తి ఆమె నవ్వు మొహం చూశాడు. చూసి, రెండు చేతులతో తన మొహం కప్పుకున్నాడు.

"ఎవరిదంటే చెప్పవేటి?"

వసంతలక్ష్మి గబగబా బల్ల దగ్గరికి వెళ్ళి స్టాండులోంచి ట్యూబు లాగింది. పైన తెల్లటి పట్టీ, దాని మీద వంకర అక్షరాలతో ధర్మరాజు పేరు. గోటితో అంచు లేపి పట్టీ పీకింది. కింద పాత లేబులు బయటపడింది. నీలం ఇంకు. అక్షరాలు నిటారుగా, ఒద్దికగా ఉన్నాయి. ఆ రాత ఎవరిదో ఆవిడ ఇట్టే గుర్తుపట్టింది. తనదే.

సాహిత్య. పందొమ్మిదేళ్ళు. శుక్రవారం తేదీ.

తన కూతురు.

వెనక నుంచి ధర్మరాజు గొంతు ఎక్కడో నూతిలోంచి వస్తున్నట్టు వినిపిస్తోంది. "అన్నిటికంటే మంచి రక్తమని తీసినానమ్మా. పాప రిపోర్ట్ అంతా బాగుందని నువ్వే అందరికీ మిఠాయి పంచినావు గదా. అందులో ఏటుంతాదని..."

నెల కిందట సాహిత్యకి అపెండిక్స్ పగిలింది. ఇదే ఆస్పత్రిలో రెండు వారాలు ఉంది. మెడలో లైను, సెలైన్లు, యాంటీబయాటిక్కులు, నీలకంఠానికి ఏవేవి జరిగాయో అన్నీ జరిగాయి. ఇంటికొచ్చాక కూడా సాయంత్రాలు కాస్త వెచ్చగా ఉంటే, నీరసం వల్లనే అనుకుంది. మొన్న శుక్రవారం తనే సూది గుచ్చి రక్తం తీసి, తనే లేబులు రాసి, కణాల లెక్కా కిడ్నీ లెక్కా తనే చూసి, అన్నీ నార్మల్ అని తనే సంతకం పెట్టింది. ఫంగస్ పరీక్ష చెయ్యాలని ఆవిడకి తట్టలేదు. పరాయివాడి జ్వరం చూసి పట్టుకున్న మనిషికి సొంత పిల్ల విషయంలో ఆ ఆలోచనే రాలేదు.

వసంతలక్ష్మి బల్ల అంచు పట్టుకుని అలాగే ఉంది. ఏడుపు రాలేదు.

"కిట్టు పాడే అయ్యుంటాదమ్మా" అన్నాడు ధర్మరాజు బతిమాలుతున్నట్టు. "డాక్టరుగారు కూడా అదే అన్నారు గదా."

అయ్యుంటుందా? ఆ మాట ఎంత తీపిగా ఉందో ఆ క్షణంలో! కిట్టు పాడైతే సాహిత్యకి ఏమీ లేదు. పాడైన కిట్టుని చెత్తబుట్టలో పారేసి ఇంటికి పోవచ్చు. కానీ వరండాలో గోడకి చేరబడి ఒక మనిషి కూర్చుని ఉంది, కాగితం పట్టుకుని.

తెల్ల మందు ఇంకా రెండు చుక్కలుంది. వసంతలక్ష్మి జాకెట్టు చెయ్యి పైకి మడిచింది.

"నా రక్తం తియ్యి బాబాయ్. నా ఎదురుగా తియ్యి."

"అమ్మా, నా సేతుల్తోనా?"

"నీ చేతుల్తోనే. గ్లౌజులేసుకో, తియ్యి."

తీశాడు. రక్తం గడ్డకట్టి, మిషన్‌లో తిరిగి, పైన తేట విడిపోయేసరికి ముప్పావుగంట పట్టింది. భీమశంకర్ గారికి కబురు పంపింది. ఆయన వచ్చేసరికి, "మూడో గడిలో ఇంటికెళ్ళిపోయిన వేరే రోగి ట్యూబు, శుక్రవారం నాటిది, పడిందండీ సర్. నా రక్తంతో మళ్ళీ చేస్తున్నాను" అంది. ఎవరిదని ఆయన అడిగాడు. ముందు ఇది చూద్దామండి, అంది.

కొత్త కార్డు. ఒక గడిలో నీలకంఠం చుక్క, పక్క గడిలో తన చుక్క. తెల్ల మందు వేసి, పుల్లతో కలిపి, కార్డుని మెల్లగా అటూ ఇటూ ఆడించసాగింది. పది నిమిషాలు ఆడించాలి.

నాకు తెలిసి ఆ పది నిమిషాలు వసంతలక్ష్మి ఏ దేవుణ్ణీ ఏమీ కోరుకోలేదు. కోరుకోవడానికి ఏముంది? తన చుక్క విరిగితే కిట్టు చెడ్డది, తన పిల్ల మంచిది, నీలకంఠం రెండు గంటలకి బల్ల ఎక్కుతాడు. విరగకపోతే నీలకంఠం బతుకుతాడు, తన పిల్ల ఒంట్లో ఇన్నాళ్ళుగా ఆ పురుగు ఉన్నట్టే. అటు కోరుకుంటే పాపం. ఇటు కోరుకుంటే తల్లి కాదు. రెండో నిమిషంలోనే నీలకంఠం గడిలో గింజలు కనపడ్డాయి. తన గడి వంక చూస్తూనే ఉంది. అయిదు నిమిషాలు. ఏడు. కళ్ళు మసకేస్తే భుజంతో తుడుచుకుని మళ్ళీ చూసింది.

పది నిమిషాలయింది. తన చుక్క తెల్లగా, నున్నగా, అప్పుడే గ్లాసులో పోసిన పాలలా ఉంది.

"అరే!" అన్నాడు భీమశంకర్. కార్డు ఆమె చేతిలోంచి లాక్కుని దీపం కింద పెట్టి తిప్పి తిప్పి చూశాడు. "కిట్టు బంగారంలా పనిచేస్తోంది కదా! వసంతా, నువ్వే గెలిచావు." ఫోన్ దగ్గరికి నడిచి, "థియేటర్ ఆపండి. నీలకంఠం కేసులో రక్తంలో ఫంగస్. ఆ, నేనే చెప్తున్నాను. మెడలో లైను తీసేసి ఫంగస్ మందు మొదలుపెట్టమనండి. నేనిప్పుడే పైకొస్తున్నా" అన్నాడు.

తలుపు దగ్గర నిలబడి వింటున్న రత్నానికి ఆ మాటల్లో 'ఆపండి' ఒక్కటి అర్థమయింది, అది చాలు. లోపలికి పరుగెత్తుకొచ్చి వసంతలక్ష్మి రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

"మేడమ్, మీ కడుపు సల్లగుండాల. మీ పిల్లలు నూరేళ్ళు బతకాల."

వసంతలక్ష్మి గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. రత్నం అది సంతోషమనుకుని ఇంకా గట్టిగా పట్టుకుంది. డాక్టరు పైకి వెళ్ళమంటే అప్పుడు వదిలి, ఫారం అక్కడే బల్ల మీద పడేసి మెట్లవైపు పరిగెత్తింది.

"సరే, ఇప్పుడు ఆ మూడో గడి సంగతి చెప్పు" అన్నాడు భీమశంకర్ చేతులు కడుక్కుంటూ. "ఎవరో మహానుభావుడు రక్తంలో ఫంగస్ పెట్టుకుని ఊళ్ళో తిరుగుతున్నాడన్నమాట. శుక్రవారం రక్తమైతే ఇవాళ బుధవారం, అయిదు రోజులు. గుండెకో కంటికో ఎక్కేలోపల పట్టుకోవాలి. ఏ వార్డులో ఉండేవాడు? అడ్రసు తియ్యి, అంబులెన్సు పంపుదాం."

వసంతలక్ష్మి ట్యూబు తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన కళ్ళజోడు కిందికి దించి చదివాడు. చదివి ఆమె మొహం చూశాడు. కుళాయి నీళ్ళు పోతూనే ఉన్నాయి, కట్టడం ఎవరికీ గుర్తు లేదు.

"మన సాహిత్యా?" అన్నాడు ఆయన. ఆ పిల్లకి డిస్చార్జి కాగితం మీద కల్చర్ రిపోర్టు రాసిచ్చింది ఆయనే.

వసంతలక్ష్మి అప్పటికే ఫోన్ దగ్గర ఉంది. కాసిడీహ్‌లో ఇంటి నంబరు పదిహేడేళ్ళుగా రోజూ తిప్పేదే, ఇవాళ రెండుసార్లు తప్పు తిప్పింది. మూడోసారికి అత్తగారు కాంతం ఎత్తింది.

"అత్తయ్యా, సాహిత్యని లేపి తయారుగా ఉంచండి. అంబులెన్సు వస్తోంది. ఏమీ అడక్కండి, ముందు..."

"లేపడమేటే? అది ఇంట్లో నేదు గదా."

"ఎక్కడికెళ్ళింది?"

"కాలేజీ పిల్లలతో చాండిల్ డ్యామ్‌కి పిక్నిక్కి. బస్సు తొమ్మిదికే ఎల్లిపోనాది. పొద్దున్న లేచేసరికి గజగజా వణికిపోతందే పిల్ల. వద్దే అన్నాను. మాత్రేసుకుని, అమ్మకి సెప్తే ఎల్లనివ్వదని నా సేత ఒట్టేయించుకునిపోనాది. తిట్టకే దాన్ని."

వసంతలక్ష్మి గోడ గడియారం కేసి చూసింది.

"ఏటే పలకవు? నాను నీకే ఫోన్ సేద్దామని లేత్తన్నాను, నువ్వే సేసినావు. ఇప్పుడే, అయిదు నిమిసాలు కూడా కానేదు, ఆ డ్యామ్ కాడి దుకానం నుంచి ఎవలో పిల్ల ఫోన్ సేసినాది. హిందీలో గబగబా ఏటో అంతంది, సగం అరదం కానేదు. 'సాహిత్య కీ మమ్మీ కౌన్ సే హాస్పిటల్ మే హై' అని, అదే, సాహిత్య వాల్లమ్మ ఏ ఆస్పత్రిలో ఉంతాదని అడిగినాది. ఒకటే ఏడుపు దానికి. నాను ఆస్పత్రి పేరు సెప్పీలోపలే ఫోన్ పెట్టీసినాది."